కర్త ఎవరు?

మా క్యాథలిక్కులకు ఈస్టర్ ముందు ఉపవాసాల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ఉదయం పూజకు వెళ్లి, నుదుటి మీద బూడిద గుర్తుతోనే బడికి వెళ్లాను. 2025 మార్చి 5 అది. ఏడో తరగతి పిల్ల ఒకతి "మేడమ్, మసి అంటుకుంది" అని తన చేతిరుమాలు ఇవ్వబోయింది. "మసి కాదమ్మా, గుడిలో పెట్టారు" అన్నాను. ఎందుకు పెట్టారని అడిగింది. ఈస్టర్‌కు ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాడు మేం చేతుల్లో పట్టుకుని తిరిగే మట్టలు ఏడాదంతా ఇంట్లో పటాల వెనక ఉంటాయి. తపస్సు కాలానికి ముందు వాటిని మళ్లీ గుడికి తెచ్చి ఇస్తాం. వాటిని కాల్చిన బూడిదే ఇది. 'నువ్వు మట్టివి, మళ్లీ మట్టిలోనే కలుస్తావు' అని గుర్తు చేస్తూ ఫాదర్ గారు నుదుట రాస్తారు. ఇదంతా చెబితే ఆ పిల్ల కాసేపు నా మొహం వంక చూసి, "మీ నుదురు మీకు కనపడదు కదా మేడమ్, మీకెలా గుర్తుంటుంది?" అంది. జవాబు తట్టలేదు. బెల్లు కొట్టారు, వెళ్లిపోయాను.

నేను తెలుగు టీచర్ని. గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. మా పుట్టిల్లు ఫిరంగిపురం దగ్గర ఒక పల్లె. అమ్మమ్మల కాలం నుంచీ క్యాథలిక్కులం. తపస్సు కాలం అంటే నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకటే వరస: నీచు మానేయడం, శుక్రవారం సాయంత్రాలు సిలువ మార్గం ప్రార్థనలు, పండుగ ముందు వచ్చే పవిత్ర వారంలో ఫాదర్ గారి దగ్గర మోకరించి పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం చేయడం, పాస్కా పండుగకు, అంటే ఈస్టర్‌కు, కొత్త చీర. బుధవారం నుంచి పండుగ ముందు శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావు కాబట్టి అవి తీసేస్తే 40. ఈ లెక్క మతబోధ చేసే ఉపదేశి గారు మాకు చిన్నప్పుడే నేర్పారు. ఏటా ఆ నలభై రోజులూ అలా గడిచిపోయేవి. గడిపానని అనడం లేదు, గడిచిపోయేవి. ఈ తేడా నాకు ఆ ఏడాదే తెలిసింది.

మొదటి శనివారం మా విచారణ (పారిష్) గుడిలో ధ్యానం, ప్రార్థనల కోసం ఒక పూట రిట్రీట్ పెట్టారు. బయటి నుంచి వచ్చిన ఒక ఫాదర్ గారు ఆత్మపరిశోధన గురించి చెప్పారు. అది నాకు కొత్త మాట కాదు. పాపసంకీర్తనానికి వెళ్లేముందు పది ఆజ్ఞలూ వరసగా తలుచుకుని, ఎక్కడ తప్పానో చూసుకోవడమే ఆత్మపరిశోధన అని నా ఉద్దేశం. ఆయన చెప్పింది రోజూ చేసేది. పునీత ఇగ్నేషియస్ లొయోలా 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి నెలల తరబడి మంచంలో ఉన్నారట. ఏ ఆలోచన వస్తే మనసు తర్వాత ఎండిపోతోంది, ఏ ఆలోచన వస్తే చాలాసేపు తేటగా ఉంటోంది అని ఆ మంచం మీదే గమనించడం మొదలుపెట్టారు. తర్వాత దాన్నే ఒక సాధనగా మార్చారు. రాత్రి పడుకునే ముందు పావుగంట కూర్చోవాలి. ముందు ఆ రోజుకు దేవునికి కృతజ్ఞత చెప్పాలి. చూసే వెలుగు ఇమ్మని అడగాలి. తర్వాత పొద్దున లేచిన దగ్గర నుంచీ గంట గంటా వెనక్కి తిరిగి చూడాలి. క్షమాపణ అడగాలి. రేపటికి ఒక్క విషయం పట్టుకోవాలి. దీనితోపాటు ఒకే ఒక్క లోపం ఎంచుకుని, అది జరిగినప్పుడల్లా గీత మీద ఒక చుక్క పెట్టుకుంటూ, నిన్నటికీ ఇవాళ్టికీ, ఈ వారానికీ పోయిన వారానికీ పోల్చుకోమని కూడా ఇగ్నేషియస్ నేర్పారట. ఫాదర్ గారు చెప్పిన వాటిలో నాకు నచ్చింది ఈ చుక్కల లెక్కే. మార్కుల రిజిస్టరు రాసి రాసి అలవాటైన చేతికి అది సులువు.

వంద పేజీల నోటుబుక్కు ఒకటి తీశాను. లోపం 'కోపం' అని రాసుకున్నాను. టీ మానేశాను. టీకయ్యే డబ్బు గుడిలో ఇచ్చిన కవర్లో వేశాను. తపస్సు కాలంలో క్యాథలిక్ సేవా సంస్థ కారితాస్ ఇండియా వాళ్లు ఆకలి, వ్యాధుల మీద పనికి ఏటా చందా సేకరిస్తారు, దానికి. అదంతా బాగానే నడిచింది. ఉపవాసం నాకెప్పుడూ కష్టం కాలేదు, అందుకే దాని గురించి ఎక్కువ చెప్పను. ఆ ఏడాది రంజాన్ కూడా మార్చిలోనే వచ్చింది. మా లెక్కల సారు రోజా ఉండేవారు. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అందరూ క్యారేజీలు విప్పుతుంటే మేమిద్దరం కిటికీ దగ్గర కూర్చుని పేపర్లు దిద్దుకునేవాళ్లం. ఒకరోజు నేను ఎవరి గురించో ఏదో అంటుంటే ఆయన నవ్వి, "నోటికి కూడా రోజా ఉంటుంది మేడమ్" అన్నారు. నాకు చురుక్కుమంది. ఆ రాత్రి నోటుబుక్కులో ఒక చుక్క పెట్టాను.

మొదటి పది రోజులు నేను ఏం రాశానో ఇప్పుడు చదువుతుంటే ఇలా ఉంది. "టీ లేక తలనొప్పి. పొద్దున్నే కోపం వచ్చింది." "ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడి మీద మాట తూలింది." "జపమాలకు కుదరలేదు." "ఫోన్‌లో చెల్లితో మాట్లాడుతుంటే చిరాకు వచ్చేసింది." "అత్తగారి మందుల సంగతి మర్చిపోవడం జరిగింది." రోజుకు మూడు, నాలుగు చుక్కలు. నిజాయితీగా రాస్తున్నానని సంతోషంగా కూడా ఉంది.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెట్టారు, 17న పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. ఆ హడావిడిలో ఒకరోజు ఆరో తరగతి గదిలో కిటికీ అద్దం పగిలింది. వెళ్లేసరికి కింద ముక్కలు, గోడ పక్కన బంతి, పిల్లలంతా గుడ్లప్పగించి చూస్తున్నారు. "ఏమైందిరా?" అన్నాను. "అద్దం పగిలింది మేడమ్" అన్నాడు ముందు బెంచీ వాడు. "ఎలా పగిలింది?" "బంతి తగిలింది మేడమ్." "బంతి ఎలా తగిలింది?" "అటు వెళ్లింది మేడమ్." ఆ వారం వాళ్లకు నేను చెబుతున్న పాఠం కర్త, కర్మ, క్రియ. "అద్దం పగిలింది అంటే అద్దమే కర్త. అద్దం తనను తాను పగలగొట్టుకుందా? సరిగ్గా చెప్పండి, కర్త ఎవరు?" అన్నాను. అందరూ నవ్వారు. వెనక బెంచీలో ఒకడు నవ్వలేదు. నెమ్మదిగా లేచి, "నేను పగలగొట్టాను మేడమ్" అన్నాడు. వాడి గొంతు వణికింది. శభాష్ అన్నాను. తిట్టలేదు.

ఆ రాత్రి నోటుబుక్కు తెరిచి రోజూ లాగే రాయబోతే చెయ్యి ఆగింది. పేజీలు వెనక్కి తిప్పాను. బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీశాను. పిల్లల పేపర్లు దిద్దినట్టే ఒక్కో వాక్యం కింద గీత గీసుకుంటూ పోయాను. కోపం వచ్చింది. కర్త: కోపం. మాట తూలింది. కర్త: మాట. చిరాకు వచ్చేసింది. కర్త: చిరాకు. కుదరలేదు. దీనికి కర్తే లేదు. మర్చిపోవడం జరిగింది. మర్చిపోయింది నేనైతే, వాక్యంలో మాత్రం ఆ మర్చిపోవడం ఎక్కడో తనంతట తాను జరిగింది. మొత్తం 31 వాక్యాలు ఉన్నాయి. నేను కర్తగా ఉన్నవి నాలుగు. ఆ నాలుగూ "గుడికి వెళ్లాను", "ఉపవాసం ఉన్నాను" లాంటివి.

చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇరవై నాలుగేళ్లుగా నేను పిల్లలకు నేర్పుతున్న భాష నాకు ఇంత ఉపకారం చేస్తోందని అప్పటిదాకా తెలియదు. పాలు పొంగిపోతాయి, గిన్నె జారిపోతుంది, ఆలస్యం అయిపోతుంది, మాటా మాటా పెరుగుతుంది, మనస్పర్థలు వస్తాయి. మధ్యలో మనిషి కనిపించడు. ఇందులో భాష తప్పేమీ లేదు. ఒకరి ఇంట చావు జరిగినప్పుడు, ఒకరికి పెళ్లి చెడినప్పుడు, ఎవరి మీదా వేలు పెట్టకుండా మాట్లాడగలగడం మన తెలుగులో ఉన్న దయ. ఎదుటివాళ్ల కోసం వాడాల్సిన ఆ దయను నేను నా కోసం వాడుకున్నాను. అదీ ఎక్కడ? దేవుని ముందు రాసుకునే పుస్తకంలో.

బైబిలు తీసి నిర్గమకాండం 32వ అధ్యాయం చదివాను. మోషే కొండ దిగివచ్చి, జనం మొక్కుతున్న ఈ బంగారు దూడ ఏమిటని అడిగితే అతని అన్న అహరోను ఏమంటాడు? వాళ్లు బంగారం ఇచ్చారు, నేను నిప్పులో వేశాను, ఈ దూడ అయింది అంటాడు. చిన్నప్పుడు ఉపదేశి గారు ఇది చెబితే పడీ పడీ నవ్వేవాళ్లం. దానికి కొంచెం పైన అదే అధ్యాయంలో, పోగర అనే చెక్కే పనిముట్టుతో ఆ దూడను రూపుదిద్దింది అహరోనేనని రాసి ఉంది. ఆ రాత్రి నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి వాక్యం 'నేను'తో మొదలై, నేను చేసిన పనితో ముగియాలి. "మాట తూలింది" కాదు, "నేను వాణ్ణి మొద్దు అన్నాను." "కుదరలేదు" కాదు, "నేను ఫోన్ చూస్తూ కూర్చుని జపమాల చెప్పలేదు." రాయడం ఎంత కష్టమో! కొన్ని వాక్యాలకు పది నిమిషాలు పట్టేది. నాలుగు చుక్కల రోజు కంటే ఒక్క వాక్యం రాసిన రోజు ఎక్కువ బరువుగా ఉండేది. ఇంట్లో ఆయన ఒకసారి, "అంతసేపు ఏం రాస్తున్నావు, డైరీయా?" అని అడిగారు. హోమ్‌వర్క్ అన్నాను.

మార్చి 23, తపస్సు కాలం మూడో ఆదివారం. ఆ రోజు సువార్త లూకా 13వ అధ్యాయం, కాయని అంజూరపు చెట్టు. యజమాని తోటమాలితో, మూడేళ్లుగా వస్తున్నాను, ఈ చెట్టున ఒక్క పండూ కనపడలేదు, నరికెయ్యి అంటాడు. ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అని తోటమాలి బతిమాలతాడు. ఆ భాగం నేను ఎన్నోసార్లు విన్నదే. కానీ ఆ ఉదయం 'మూడేళ్లు' అన్న మాట దగ్గర నా ప్రాణం ఆగినట్టైంది.

అమ్మ 2022 ఏప్రిల్‌లో పోయింది. మా వదినకూ నాకూ మూడేళ్లుగా మాటలు లేవు.

చూశారా, మళ్లీ అదే. 'మాటలు లేవు.' ఆ ఆదివారం రాత్రి నోటుబుక్కులో మొదట అలాగే రాశాను. మూడేళ్లుగా పాపసంకీర్తనంలో కూడా అలాగే చెప్పాను: "మా వదినకూ నాకూ మాటలు లేవు ఫాదర్." వదిన పాపం నేను చెప్పినట్టు, నా పాపంలో సగం ఆమెకు పంచినట్టు. ఫాదర్ గారు మూడుసార్లూ సమాధానపడమనే చెప్పారు. నేను మూడుసార్లూ, ఆమె పలకరిస్తే పలకకుండా ఉంటానా అనుకుంటూ ఇంటికి వచ్చాను.

దిద్దడం మొదలుపెట్టాను. 'మా మధ్య మనస్పర్థలు వచ్చాయి.' కొట్టేశాను. 'అమ్మ పోయిన దుఃఖంలో నోరు జారింది.' కొట్టేశాను. 'నేను ఒక మాట అన్నాను.' ఇది మెరుగే. కానీ ఏ మాట? ఎవరి ముందు? ఎందుకు? ఆ రోజు అంతకన్నా ముందుకు పోలేకపోయాను. పెన్ను మూసేశాను.

వారం గడిచింది. మార్చి 30న ఉగాది, అదే రోజు నాలుగో ఆదివారం. తప్పిపోయిన కుమారుని ఉపమానం చదివారు. పందుల దగ్గర ఆకలితో కూర్చున్న ఆ కుర్రవాడు ఇంటికి లేచి వెళ్లేముందు తండ్రితో ఏం చెప్పాలో మాటకు మాట సిద్ధం చేసుకుంటాడు. నేను పాపం చేశాను, నీ కొడుకుని అనిపించుకోవడానికి తగను, కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అని. దారంతా దాన్నే అనుకుంటూ నడిచి ఉంటాడు. తీరా వెళ్లాక తండ్రి దాన్ని పూర్తిగా చెప్పనివ్వడు. ఇన్నేళ్లుగా నేను ఆ తండ్రి పరుగు గురించే ఆలోచించేదాన్ని. ఈసారి ఆ కుర్రవాడి వాక్యం గురించి ఆలోచించాను. తండ్రి వినిపించుకోకపోయినా, ఆ వాక్యం తయారవకపోతే వాడు పందుల దగ్గర నుంచి లేచేవాడే కాదు. ఉగాది పచ్చడి పక్కింటి వాళ్లు తెచ్చిచ్చారు. అది తిని, తలుపు వేసుకుని, ఆ మధ్యాహ్నం రాశాను.

అమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచంలో ఉంది. అన్నయ్య ఇంట్లోనే. షుగరు కూడా ఉంది. వదినే కడిగింది, వదినే తినిపించింది. నేను గుంటూరు నుంచి ఆదివారాలు పండ్లు పట్టుకుని వెళ్లేదాన్ని, అదీ అన్ని ఆదివారాలూ కాదు. అమ్మ వీపు మీద పుండ్లు పడ్డాయి. పక్కకు తిప్పుతుండాలి, నీళ్ల పరుపు వెయ్యాలి, ఈ మందు రాయాలి అని నేను చెప్పి వచ్చేదాన్ని. ఒక్కసారి రాత్రి అక్కడ పడుకున్నాను. పన్నెండింటికి ఫోన్‌లో అలారం మోగింది. వదిన లేచి, అమ్మ నడుము కింద చెయ్యి పెట్టి, ఇటు నుంచి అటు తిప్పి, వీపు తుడిచి, దుప్పటి సర్ది పడుకుంది. మళ్లీ రెండింటికి. మళ్లీ నాలుగింటికి. నేను కళ్లు మూసుకునే ఉన్నాను. నిద్రపోతున్నట్టు. మూడుసార్లూ.

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

అమ్మను మట్టి చేసిన మూడో రోజు, పూజ అయ్యాక పందిట్లో భోజనాల దగ్గర మా పెద్దమ్మ నన్ను అడిగింది: "ఆఖర్లో కూతురివి నువ్వు దగ్గర లేవా?" మామూలుగానే అడిగింది. పందిట్లో పాతికమంది ఉన్నారు. వదిన సాంబారు వడ్డిస్తోంది. నేను గొంతు పెంచి, "దగ్గర ఉన్నవాళ్లు సరిగ్గా చూసుకుని ఉంటే అమ్మ ఇంకో రెండేళ్లు బతికేది" అన్నాను. వదిన చేతిలో గరిటె ఆగింది. ఏమీ అనలేదు. తర్వాతి విస్తరి దగ్గరకు వెళ్లింది. అంతకుముందు ఆమె నన్ను 'అమ్మాయ్' అనేది, నువ్వు అనేది. ఆ రోజు నుంచి 'టీచర్ గారు' అయ్యాను. పండక్కి వెళ్తే "రండి, కూర్చోండి" అనేది. మాటలు లేవని నేను చెబుతూ వచ్చింది ఆ రెండు మాటలనే.

ఆ మధ్యాహ్నం నోటుబుక్కులో చివరికి నిలబడిన వాక్యం ఇది: "నేను అమ్మకు చేయలేదన్న సిగ్గు దాచుకోవడానికి, చేసిన వదినను అబద్ధమని తెలిసే పాతికమంది ముందు అవమానించాను." రాశాక ఏడ్చాను. కానీ నెలలుగా, బహుశా మూడేళ్లుగా లేనంత తేలికగా ఊపిరి పీల్చుకున్నాను.

పవిత్ర వారం మంగళవారం, ఏప్రిల్ 15న పాపసంకీర్తనానికి వెళ్లాను. అప్పటికి గుడిలో స్వరూపాలకు ఊదారంగు గుడ్డలు కప్పేసి ఉన్నాయి. ఆ వాక్యం కాగితం మీద రాసుకుని వెళ్లాను, చదివాను. ఫాదర్ గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు విషయాలు అన్నారు. "అమ్మా, మీరు చేసింది మీరు చెప్పారు. చేయనిది కూడా మీద వేసుకోకండి. అమ్మగారి చావు మీరు చేసింది కాదు, పుండ్లు మీరు చేసినవి కావు. అన్నిటికీ నేనే, నేనే అనుకోవడం కూడా ఒకలాంటి గర్వమే." ఆ మాట నాకు అవసరమే. ఆ నెలలో నేను అటువైపు కూడా జారుతున్నాను, ప్రతి చిన్నదానికీ రాత్రిళ్లు నన్ను నేను పీక్కు తింటున్నాను. రెండోది: "ఈ వాక్యం నాకు చెప్పారు, దేవునికి చెప్పారు. వినాల్సిన మనిషి ఇంకొకరు ఉన్నారు కదా." ప్రాయశ్చిత్తంగా 51వ కీర్తన చెప్పమన్నారు. దావీదు రాజు పాట. నాతాను ప్రవక్త వచ్చి ఆ మనిషివి నువ్వే అని వేలు చూపించిన తర్వాత, తన సైనికుడు ఊరియా భార్యతో తప్పు చేసినందుకు దావీదు పాడిన పశ్చాత్తాపం. అందులో రాజు ఎవరి మీదా ఏమీ తొయ్యడు.

శుక్రవారం సిలువ ముద్దుపెట్టుకున్నాను. శనివారం పొద్దున బస్సెక్కి ఊరు వెళ్లాను.

వదిన వంటగదిలో గారెలకు నానబోసిన మినప్పప్పు కడుగుతోంది. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి అరచేతుల మధ్య పప్పు రుద్దుతుంటే నల్లటి పొట్టు పైకి తేలుతోంది. "రండి టీచర్ గారూ, కూర్చోండి" అంది. కూర్చోలేదు. దారంతా అనుకుంటూ వచ్చిన వాక్యం నిలబడే చెప్పాను. అలారం సంగతి కూడా చెప్పాను. ఆ రాత్రి నేను మెలకువగానే ఉన్నానని, మూడుసార్లూ చూశానని. ఆమె తల ఎత్తలేదు. వేళ్ల సందులోంచి పప్పు జారకుండా గిన్నె వంచి పొట్టు నీళ్లు పారబోసింది. మళ్లీ నీళ్లు పట్టింది. మళ్లీ వంచింది. మూడోసారి నీళ్లు తేటగా వచ్చాక అంది: "ఆ రోజు పందిట్లో అన్నారు. ఇవాళ వంటగదిలో చెబుతున్నారు."

అంతే. ఆ తర్వాత కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

బస్సులో మొదట బాధేసింది, ఇంతకంటే ఏం చెయ్యాలి అనుకున్నాను. ఫిరంగిపురం దాటేసరికి ఆమె అడిగింది న్యాయమని తెలిసింది. నేను పదిమంది ముందు పెట్టిన మసిని ఒక్క ఆమె ముందు తుడుస్తానంటే ఎలా? ఏడో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి గుడి ముందు కొత్త నిప్పు రాజేసి, పాస్కా వత్తి అనే పెద్ద కొవ్వొత్తి వెలిగించి, చీకట్లో అందరం చిన్న వత్తులు అంటించుకుని లోపలికి నడిచాం. తపస్సు కాలం ముగిసింది. నలభై రోజులుగా పాడని అల్లెలూయ మళ్లీ పాడారు. నా పని మాత్రం మిగిలే ఉంది.

ఏప్రిల్ 26, శనివారం, అమ్మ సంవత్సరీకం పెట్టుకున్నాం. పండుగ మర్నాడు, సోమవారం ఫ్రాన్సిస్ పోపు గారు చనిపోయారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మా విచారణలో ఆయన కోసం జపమాల చెప్పుకున్నాం. ఆయన అంత్యక్రియలు కూడా ఆ శనివారమే వచ్చాయి. పొద్దున పూజ, సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక అందరూ అన్నయ్య ఇంటికి చేరారు. మన టైము ఒంటిగంటన్నరకు రోమ్‌లో పూజ మొదలవుతుందని, అది కొంతసేపు చూసి భోజనాలకు లేద్దామని హాల్లో, వరండాలో కూర్చున్నారు. మేనమామలు, పిన్నులు, వాళ్ల పిల్లలు, పెద్దమ్మ. వదిన వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

టీవీ సౌండు తగ్గించమని మా మేనల్లుడికి చెప్పి లేచాను. ఇరవై నాలుగేళ్లుగా క్లాసులో నిలబడి మాట్లాడుతున్నదాన్ని, కాళ్లు వణికాయి. వాక్యం చెప్పాను. అందులో ఒక్క మాట తగ్గించలేదు. చివర అలారాల సంగతి కూడా చెప్పాను. మా అన్నయ్య నేల చూస్తూ ఉండిపోయాడు. పెద్దమ్మే ముందు తేరుకుని, "ఇప్పుడెందుకే అవన్నీ, ఏదో అయిపోయింది" అంది. నన్ను కాపాడాలనే అంది, పాపం.

"అయిపోలేదు పెద్దమ్మా, నేను చేశాను" అన్నాను.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. టీవీలో ఆ పెద్ద చౌకులో గాలికి ఎర్ర వస్త్రాలు ఎగురుతున్నాయి. గుమ్మం వైపు చూశాను. వదిన అక్కడ లేదు. లోపలికి వెళ్లాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, పొయ్యి మీద నుంచి అన్నం గుండిగ దించబోతోంది. పాతికమందికి వండిన గుండిగ, ఒక్కరి వల్ల కాదు. నా వైపు తిరగకుండానే పాత గుడ్డ ఒకటి అందించింది.

"అటు పక్క పట్టుకో" అంది. 'పట్టుకోండి' అనలేదు.

పట్టుకున్నాను. గుడ్డలోంచి కూడా వేడి తగిలింది. ఇద్దరం దాన్ని వరండాలోకి మోసుకెళ్లాం.